తల ఊపితే మాట కాదట!

"సిడ్నీ వెళ్లొచ్చావటగా, ఆపెరా హౌస్ ముందు దిగిన ఫొటో ఏదీ?" అని అడిగిన ప్రతివాళ్లకీ ఒకటే జవాబు చెప్తున్నాను. ఆపెరా హౌస్ నేను చూడలేదు. ఆ పెద్ద వంతెనా చూడలేదు. నేను చూసిందల్లా పారమట్టాలో ఒక అద్దాల భవనం, అందులో కిటికీ లేని ఒక గది, ఆ గదిలో ఒక మెత్తని మెడపట్టీ. వాటి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. మంట ఉండగానే రాసేస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

ట్రుగనీనా: కొబ్బరినూనె గొడవ

ముందు మనుషుల సంగతి చెప్పాలి. నేను మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. ఊరికి పడమటి కొసన, కొత్త ఇళ్లూ గోడౌన్లూ పోటీపడి లేస్తున్న ట్రుగనీనాలో, రత్నం ఆంటీ వాళ్లింట్లో వెనక గదిలో ఉంటాను. ఆంటీ వృద్ధులను చూసుకునే హోమ్‌లో పనిచేస్తుంది. వాళ్లాయన ఆనందరావు అంకుల్ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. ఇద్దరిదీ పాలకొల్లు. ఆదివారం తెలుగు చర్చిలో ప్రకటనలు చదివేది అంకులే. పుట్టినరోజుల దగ్గర మొదలుపెట్టి, పాలకొల్లు రైల్వేగేటు దాకా వెళ్లి, మళ్లీ చర్చి కార్ పార్కింగ్ దగ్గర తేలేవారట. పాస్టరుగారు వాచీ చూసుకుంటూ కూర్చునేవారట. అంత మాటకారి.

అలాంటి మనిషికి మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చింది. బుద్ధి చెక్కుచెదరదు గానీ మెదడు చెప్పిన మాట కండరాలకు చేరదు. ముందు నాలుక పోయింది, తర్వాత చేతులు. నేను ఆ ఇంట్లో చేరేనాటికే ఆయన చక్రాల కుర్చీలో ఉన్నారు. మిగిలింది మెడ ఒక్కటే. ఆ మెడతో మనవాళ్లు ఊపే ఊపు ఉంది చూశారా, అటు భుజానికీ ఇటు భుజానికీ మధ్య తూగే ఊపు, దానితోనే ఆయన సంసారం నడుస్తోంది. అవును, సరే, అలాగే, కానివ్వు, పోనీలే, అన్నిటికీ అదే. కాదంటే ముఖం పక్కకు తిప్పేస్తారు.

కళ్లతో అక్షరాలు ఎంచుకునే యంత్రం ఒకటి ఇచ్చారు. దాంట్లో తెలుగు లేదు, పైగా కాసేపటికే ఆయన కళ్లు మండి నీళ్లు కారతాయి. అందుకని మరీ ముఖ్యమైన మాటైతే ఆంటీ గుణింతం చదువుతుంది. "క, చ, ట, త, ప..." అని చెప్తూ పోతుంటే కావలసిన చోట ఆయన తల ఊపాలి. మళ్లీ "త, తా, తి, తీ..." అంటుంటే మళ్లీ ఊపాలి. ఇంగ్లీషు వాళ్లకేం, ఇరవయ్యారు అక్షరాలతో సరిపోతుంది. మనకు గుణింతాలాయె, ఒత్తులాయె! ఒక్క మాట పూర్తయ్యేలోపు కంచంలో అన్నం చల్లారిపోతుంది, ఆయన మెడ వాలిపోతుంది. అందుకే గుణింతం నొప్పికీ, మందులకీ, బ్యాంకు పనికీ మాత్రమే. మిగతా రోజంతా అవును, కాదు.

ఆ మెడ కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టర్లు చెప్పేశారు.

నా చదువు మెదడు సంకేతాల గురించే. తలకు తొడిగిన టోపీలోంచి వచ్చే గీతల్లో కళ్లార్పడం, పళ్లు కొరకడం, మెడ కదలడం వంటి రొద కలిసిపోతుంది. దాన్ని ఏరిపారేసే ప్రోగ్రాం రాయడం నా పని. అలా వెతుకుతుంటే సిడ్నీలో జరుగుతున్న ఒక పరిశోధన కంటబడింది. నోట మాట లేనివాళ్లు మనసులో అనుకున్న మాటను మెదడు సంకేతాల్లోంచి చదువుతారట. మొదటి పరీక్షలో నెగ్గినవాళ్లకు ఒక యంత్రం ఇచ్చి ఇంటికి పంపుతారు. అది ఏడాదిపాటు ఆ మనిషి పక్కనే ఉండి అతని మెదడును నేర్చుకుంటుంది. అంకుల్ మెడ ఇంకా పనిచేస్తుండగా అది నేర్చుకోవడం మొదలుపెడితే, మెడ పోయిన రోజున కూడా ఆయన అవునన్నారో కాదన్నారో మాకు తెలుస్తుంది. లేకపోతే ఆ రోజు నుంచి ఆయన లోపలే ఉండిపోతారు. ఇంత ముఖ్యమైన పని మీద వెళ్లాం సిడ్నీకి.

చర్చివాళ్లు చక్రాల కుర్చీ ఎక్కే వ్యాను ఇచ్చారు. బయల్దేరే రోజు పొద్దున్నే చూద్దును కదా, అంకుల్ జుట్టు నిగనిగలాడుతోంది!

"ఆంటీ! తలకి నూనె రాయొద్దని ఈమెయిల్‌లో క్లియర్‌గా చెప్పారు కదా!"

"దూరం ఎళ్తున్నాం గదమ్మా, తల వేడెక్కిపోదూ? కూసింత రాశాను, అంతే."

ఆ కూసింత వదలడానికి గంటసేపు తలంటాల్సి వచ్చింది. నూనె ఉంటే టోపీలోని తీగలకు సంకేతాలు అందవని చెప్తే, "మా నాయనమ్మ చెప్పింది నిజమే, నూనె రాసుకుంటే బుర్రలోది బయటికి పోదు" అంది ఆంటీ. అంకుల్ భుజాలు కుదిపి నవ్వారు. ఆయన నవ్వు ఇప్పుడు అక్కడే ఉంటుంది.

హైవే పక్కన టీ బల్ల

నాకు ఇక్కడి లైసెన్సు లేదు. దారంతా ఆంటీయే నడిపింది. గొర్రెలు, ఎండిన గడ్డి, మళ్లీ గొర్రెలు. హోల్‌బ్రూక్ అనే ఊళ్లో నడిబజారులో సబ్‌మెరైన్ కనిపించింది. సముద్రం ఊసే లేని చోట నీళ్లలో తిరిగే ఓడ! ఎందుకు పెట్టారని పెట్రోలు బంకులో అమ్మాయిని అడిగితే, "ఇట్స్ ఆల్వేస్ బీన్ దేర్" అంది. అక్కడ కొన్న బంగాళాదుంప చిప్స్ పదకొండు డాలర్లు. ఆ డబ్బుతో పాలకొల్లులో ఇంటిల్లిపాదీ బిర్యానీ తినొచ్చని ఆంటీ గొణుగుతూనే సగం తినేసింది.

వరస సెలవులొచ్చినప్పుడు ఇక్కడ హైవే పక్కన స్వచ్ఛందంగా ఒక బల్ల వేసి, డ్రైవర్లకు ఉచితంగా టీ, కాఫీ, బిస్కెట్లు ఇస్తారు. నిద్రమత్తులో బండి నడిపి ఎవరూ చావకూడదని. మన చలివేంద్రం లాంటిదే. ముచ్చటేసి ఆగాం. గడ్డి టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన కాఫీ కలుపుతూ, అంకుల్ తలమీదుగా, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం "లవ్" అని పిలుస్తూ ఆంటీని అడిగాడు.

"డజ్ హీ టేక్ షుగర్, లవ్?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆయన ఇక్కడే ఉన్నారు కదా, ఆయన్నే అడగండి!" అన్నాను, ఇంగ్లీషులోనే, కొంచెం గట్టిగానే. పాపం ఆయన తెల్లబోయాడు. ఆంటీ మధ్యలో దూరి "నో షుగర్, నో షుగర్, థాంక్యూ" అనేసి, మింగేటప్పుడు పొలమారకుండా కాఫీని చిక్కబరిచే పొడి డబ్బా తీసింది. అంకుల్ తల ఊపారు. పోనీలే అమ్మా, గొడవెందుకు అంటున్నారని అర్థం చేసుకుని ఊరుకున్నాను.

మనిషి కుర్చీలో కూర్చుంటే చాలు, లోకం అతని తలమీదుగానే మాట్లాడుతుంది. మన దగ్గరైనా అంతే, ఇక్కడైనా అంతే. ఇక్కడ కాస్త నవ్వుతూ మాట్లాడతారు.

పారమట్టా: తలుపు దగ్గరే మూడు అద్భుతాలు

పారమట్టాలో మోటల్లో దిగాం. పొద్దున ట్రామ్ చూసి అంకుల్ ముఖం వెలిగింది కానీ ఎక్కించే టైము లేదు. ఆ పరిశోధన భవనం లోపలికి అడుగుపెట్టగానే గోడంత టీవీ. దాంట్లో వాళ్ల గొప్పలు మూడు వరసగా తిరుగుతుంటాయి. ఒంట్లోని కాపలా కణాలతోనే క్యాన్సర్‌ను చంపించడం, మెదడు సంకేతాలను మాటలుగా మార్చడం, మొక్కలతో ప్లాస్టిక్ లాంటి వస్తువులు చేయడం. రెండోదాంట్లో చక్రాల కుర్చీలో ఒకాయన నవ్వుతున్నాడు. ఆ బొమ్మ రాగానే ఆంటీ ప్రతిసారీ లోలోపల ప్రార్థన చేసుకోవడం చూశాను.

తలకు స్కార్ఫ్ కట్టుకున్న ఒకామె వచ్చి, నేరుగా అంకుల్‌నే చూసి, "ఇక్కడ కూర్చుంటే మీకేం ఇబ్బంది లేదుగా?" అని ఇంగ్లీషులో అడిగింది. ప్రాణం లేచొచ్చింది నాకు, అడిగే మనిషి ఒకరు దొరికారని! అంకుల్ కూర్చోమని మనస్ఫూర్తిగా తల ఊపారు. ఆమె "ఓ, సారీ" అని అవతలికి వెళ్లిపోయింది. మన ఊపు వాళ్లకు కాదన్నట్టు కనిపిస్తుంది మరి. నేను పరుగెత్తి వెనక్కి పిలుచుకొచ్చాను. ఆమె పగలబడి నవ్వింది. పేరు లిండా. చర్మ క్యాన్సర్ ఊపిరితిత్తుల దాకా పాకితే ఇక్కడ మందిస్తున్నారు.

"నా ఒంట్లో కాపలావాళ్లకు గంతలు కట్టేసి ఉన్నాయట. ఈ మందు ఆ గంతలు విప్పుతుంది," అని చెప్పింది. "గడ్డలు సగం కరిగాయి. కాకపోతే ఒక్కోసారి కాపలావాళ్లు సొంత మనిషినే దొంగనుకుని కొడతారు." మోచేతుల దాకా ఎర్రగా పొక్కిన చేతులు చూపించింది. ఆమెకు మేలు జరుగుతోంది, సంతోషం. ఆ చేతులు మాత్రం ఆ రెండు రోజులూ నన్ను వదల్లేదు.

ఇక మూడో అద్భుతం నా చొక్కా మీద ఒలికింది. కింద క్యాంటీన్‌లో సూప్‌తో ఇచ్చిన చెంచా ఏదో దుంప పిండితో చేసిందట. వేడికి మెత్తబడి నోటి దగ్గరికి రాకముందే వంగిపోయింది. భూమిని కాపాడే చెంచా నా ఒక్క తెల్ల చొక్కాను కాపాడలేకపోయింది. సూప్ పద్నాలుగు డాలర్లు.

మొదటి రోజు: అవునంటే అవును

గదిలో డాక్టర్ హెలెన్ అనే ఆవిడ. పరిశోధన అంతా ఆవిడదే. చాలా మంచి మనిషి. ఇది వెటకారం కాదు, మంచితనం ఉన్నవాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో చెప్తున్నాను. అంకుల్ తలకు తీగల టోపీ తొడిగి, ప్రతి తీగ కిందా చల్లటి జిగురు పెట్టింది. ఎదురుగా తెర మీద ప్రశ్న వస్తుంది. మీరు సిడ్నీలో ఉన్నారా? మీ పేరు జాన్? ఇప్పుడు చలికాలమా? ఆయన మనసులో యెస్ అనో నో అనో అనుకోవాలి. అంతే.

నేనూ ఆంటీ అద్దం అవతల కూర్చున్నాం. హెలెన్ తన కంప్యూటర్‌లోనే మునిగి ఉంది. ప్రశ్న వెనక ప్రశ్న. యంత్రం ఒక్కటి కూడా తప్పు చెప్పడం లేదు! హెలెన్ లేచి నిలబడిపోయింది. "దిస్ ఈజ్ అమేజింగ్! మొదటి రోజే ఇంత బాగా ఎవరికీ రాలేదు," అంది. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "చూశావామ్మా, మా ఆయన మాటకారి. లోపల్నించి కూడా గట్టిగానే మాట్లాడతారు" అంటుంది కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం మనవాళ్ల హోటళ్లన్నీ ఉండే హారిస్ పార్క్ పేటలో దోశలు తిన్నాం. మసాలా దోశ పద్దెనిమిది డాలర్లన్నా ఆంటీ కిక్కురుమనలేదు. అంకుల్‌కు ఇడ్లీ సాంబారులో మెత్తగా నలిపి పెట్టింది. పక్క బల్ల దగ్గర గుంటూరు కుర్రాళ్లు క్రికెట్ గురించి అరుస్తుంటే ఆయన వాళ్లకేసి చూసి ఒకటే ఊపు. వాళ్లకూ ఏదో చెప్పాలని ఉంది పాపం. ఏడాది గడిస్తే చెప్తారులే అనుకున్నాం.

రెండో రోజు: మెత్తని పట్టీ

మర్నాడు వెళ్లేసరికి హెలెన్ ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ, కళ్లలో లేదు. నన్ను కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. గీతలు చూపించగానే నాకు అర్థమైపోయింది. నా పనే అది, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? అది మెదడు కాదు, మెడ. మనసులో యెస్ అనుకున్న ప్రతిసారీ ఆయన తల ఊగింది. నో అనుకున్న ప్రతిసారీ ముఖం పక్కకు తిరిగింది. యంత్రం చదివింది మెడ కండరాల కదలికను.

మరి నిన్నంతా అద్దం అవతల కూర్చుని నేనేం చూశాను? ఆయన తల ఊపడం చూశాను. అయినా చూడలేదు. మనవాళ్లు తల ఊపుతుంటే మనకు కనపడుతుందా? ఊపిరి తీసుకోవడం కనపడుతుందా? ఆంటీకీ కనపడలేదు. తెరల్లో తల దూర్చిన హెలెన్‌కు అంతకన్నా కనపడలేదు.

"కదలకుండా మళ్లీ చేద్దాం," అని హెలెన్ ఒక మెత్తని పట్టీ తెచ్చి ఆయన మెడకు చుట్టింది. మళ్లీ అవే ప్రశ్నలు. ఈసారి యంత్రానికి ఏమీ అందలేదు. నాణెం ఎగరేసి చెప్పినా అంతకన్నా మేలు. అంకుల్ నుదుటి మీద చెమట పట్టింది. ఆయన ప్రయత్నించడం లేదని కాదు, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ మెడ కదపకుండా ఆ మనిషి అవును అనలేదు. పట్టీ వేశాక ఆయన లోపల అవునుకే చోటు లేకుండా పోయింది.

"తెలుగులో అడగండి," అన్నాను.

"మా మాటల పట్టికంతా ఇంగ్లీషే. అందరికీ ఒకేలా ఉండాలి."

"పోనీ మాట వద్దు. తల ఊపుతున్నట్టు ఊహించుకోమనండి. చెయ్యి కదిలిస్తున్నట్టు ఊహించుకుంటే పట్టుకునే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది కదా. ఆయనకు అవునంటే మాట కాదు, ఊపు. ఆ ఊపు కూడా మెదడులోంచే కదా వస్తుంది?"

హెలెన్ కీబోర్డు మీంచి చేతులు తీసి నావైపు తిరిగింది. అది చూసి నాకు ఆశ పుట్టింది.

"ఇంటరెస్టింగ్ ఐడియా, హరితా. కానీ అది వేరే స్టడీ. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న పద్ధతిలో అది లేదు. ఈయనకొక్కరికీ మార్చితే ఇప్పటిదాకా వచ్చినవాళ్ల ఫలితాలతో పోల్చలేం."

"ఆ వేరే స్టడీ ఎప్పుడు?"

"ఫండింగ్ వస్తే."

"ఆయన మెడ ఫండింగ్ కోసం ఆగుతుందా?"

ఆవిడ తెర మీది గీతలకేసి చూసింది. తర్వాత నెమ్మదిగా, "మెడతో నేర్చుకున్న యంత్రం మెడ పోయిన రోజున పనికిరాదు. అది నీకూ తెలుసు," అంది. తెలుసు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అదే నా మంట. అబద్ధం చెప్తే అరిచి పోట్లాడేదాన్ని. ఇన్ని గీతలు చదివే వాళ్లు, ఒక మనిషి ఎలా అవునంటాడో ముందు కాస్త చూసి, అప్పుడు పరీక్ష కట్టుకోకూడదా? ముందు పరీక్ష కట్టేసుకుని, అందులో ఇమడని మెడను దొంగ అంటారా? లిండా చేతులు గుర్తొచ్చాయి.

ఇదంతా హెలెన్ నాకు చెప్పింది. అంకుల్ మా ఇద్దరి మధ్యలోనే, మెడకు పట్టీతో, ముందుకే చూస్తూ కూర్చున్నారు. ఆయన ఎంపిక కాలేదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. పట్టీ విప్పడం కూడా అందరూ మర్చిపోయారు. ఆంటీయే వచ్చి విప్పింది.

వస్తుంటే పాల్గొన్నందుకు కృతజ్ఞతగా ఒక సంచి ఇచ్చారు. వ్యాను ఎక్కాక తెరిచి చూశాను. మొక్కజొన్నతో చేసిన పెన్ను! భూమిలో కలిసిపోతుందట. వేలు కదపలేని మనిషికి పెన్ను! ఏడవాలో నవ్వాలో తెలియక పారమట్టా దాటేదాకా దాన్ని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.

తిరుగు దారి: ఎన్ని?

పట్టీ వల్ల అంకుల్ మెడ బిగుసుకుపోయింది. దారిలో పెట్రోలు బంకులో గుర్రపునాడా ఆకారంలో ఉండే ప్రయాణపు దిండు కొని మెడ చుట్టూ పెట్టాం. ఆంటీ రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా బండి నడుపుతోంది. ఒక్కసారి మాత్రం, "పోనీలే అమ్మా, మెడ పోతే మాత్రం ఏవైంది? ముప్పయ్యేళ్ల కాపరం. ఆయన మనసులో ఏవుందో నాకు యంత్రం చెప్పాలేటి?" అంది. అద్దంలో చూస్తే బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. నేను "అవును ఆంటీ" అన్నాను. అవుననే అనుకున్నాను.

వెళ్లేటప్పుడు ఆగిన టీ బల్ల దగ్గరే మళ్లీ ఆగాం. అదే గడ్డి టోపీ పెద్దాయన. నన్ను గుర్తుపట్టి, ఏమీ అడగకుండా కాఫీలు పోసి మా ముందు పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

"ఏవండీ, కాఫీ తాగుతారా?" అడిగింది ఆంటీ.

దిండులో ఇరుక్కున్న తల కదల్లేదు.

"ఆంటీ, ఆయన ఊపలేదు."

"ఊపినట్టేలేమ్మా. నాకు తెలీదా?" అని పొడి కలిపి, చెంచాతో నోటి దగ్గర పెట్టింది. అంకుల్ పెదాలు బిగించారు. మళ్లీ పెట్టింది. ఇంకా గట్టిగా బిగించారు. కాఫీ గడ్డం మీంచి కారి చొక్కా మీద పడింది.

"పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, ఇదేం మొండితనవండీ? కాలుతోందా?" అంటూ ఆంటీ తనే ఒక చెంచా నోట్లో వేసుకుంది. వేసుకున్నది మింగలేక ముఖం ముడుచుకుంది. "ఛీ! చేదు జావలా ఉంది. ఇదా నేను మీకు రోజూ పోస్తున్నది!"

నేను దిండు తీసేశాను. ఆయన తల ఊపలేదు, తిప్పలేదు. ఆంటీనే చూస్తున్నారు. రెండు రోజులుగా యెస్, నో, యెస్, నో. ఆయనకు కూడా ఒళ్లు మండి ఉండాలి. ఆంటీ చెంచా కింద పెట్టి, ఆయన ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

"చెప్పండి. క, చ, ట, త, ప..."

ప దగ్గర ఊపారు.

"ప, పా, పి, పీ, పు, పూ, పె, పే, పై, పొ, పో, పౌ, పం..."

పం దగ్గర ఊపారు. మెడ నొప్పితో కళ్లు మూసుకుని మరీ ఊపారు.

"పం... పంటి నొప్పా?" ముఖం తిప్పేశారు. "పంపించమంటారా? ఎవర్ని?" మళ్లీ తిప్పేశారు. ఆ తిప్పడం తిప్పడం ఆయన చూపు బల్ల మీదున్న గాజు సీసా దగ్గర ఆగింది. ఆంటీ కూడా అటు చూసింది.

"పంచదారా?"

ఆయన తల ఊగిన ఊపు చూడాలి! హెలెన్ గదిలో కూడా అంతలా ఊగలేదు.

కుర్చీలో కూర్చోబెట్టిన రోజు నుంచీ, కదలని ఒంటికి షుగరు జబ్బు కూడా తోడవుతుందేమోనని ఆంటీ ఆయన కాఫీలో పంచదార వెయ్యడం మానేసింది. ఆయన్ను అడగలేదు. కాఫీ తాగుతారా అనే అడిగేది. తాగుతాననే ఊపేవారు. పంచదార వెయ్యమని చెప్పాలంటే గుణింతం కావాలి. అంత కష్టపడి చెప్పే మాట నొప్పో మందో అయ్యుండాలి గానీ, పంచదార కోసం ఆమెను కూర్చోబెట్టడమెందుకని ఊరుకున్నారేమో.

"ఒక్కసారి చెప్పొచ్చు కదండీ..." అని మొదలుపెట్టి, ఏం అంటోందో అర్థమై ఆంటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మా చూపులన్నీ ఆ పంచదార సీసా మీదే ఉండటం గమనించాడేమో, వేరే కప్పులో కాఫీ పోసుకుని గడ్డి టోపీ పెద్దాయన వచ్చాడు. మోకాళ్లు పట్టుకుని కష్టంగా వంగి, అంకుల్ ముఖానికి ఎదురుగా తన ముఖం పెట్టాడు. పంచదార చెంచా పైకెత్తాడు.

"హౌ మెనీ, మేట్?"

ఒక చెంచా వేసి ఆయన ముఖంలోకి చూశాడు. అంకుల్ తల ఊపారు. ఇంకోటి వేశాడు. ఊపారు. మూడోదానికీ ఊపారు. చాలు, చాలు అంటున్నారో, ఇంకా కావాలంటున్నారో ఆ తెల్లాయనకేం తెలుసు? నాలుగోది ముంచాడు.

మరీ ఎక్కువైపోతోందని ఆపబోయి, నోరు మూసుకున్నాను. ఆయన అడుగుతున్నది నన్ను కాదు.